ఊపిరిని చూపు యంత్రము

కన్నులు మూసికొని, వెన్ను నిటారుగా నిలిపి, లోనికి పోవు గాలిని వెలికి వచ్చు గాలిని గమనించుచు ఒక పది నిమిషములు కూర్చుండుమని చెప్పుట సులభము. కాని ఆ ఉపదేశమును పాటింపబూనినవాడు నాలుగవ శ్వాస ముగియకమునుపే, కట్టవలసిన కరెంటు బిల్లును గూర్చియో, నిన్న ఎవరో అన్న మాటను గూర్చియో తలపోయుచు, తాను ఎందులకై కూర్చున్నదియు మరచిపోవును. ఇది సాధకుని దోషము గాదు. మనస్సు యొక్క స్వభావమే అట్టిది. ఈ చాంచల్యమునకు ధ్యానగురువులు వేల యేండ్లుగా ఉపాయములు చెప్పుచునే వచ్చిరి. దీపశిఖపై చూపు నిలుపుమన్నవారు కలరు, జపమాలను చేతికిచ్చినవారు కలరు. గడచిన ముప్పది యేండ్లలో ఆ ఉపాయముల వరుసలోనికి ఒక యంత్రము కూడ వచ్చి చేరినది. దానిని ఆటవస్తువని త్రోసిపుచ్చువారును, సర్వరోగనివారిణి యని అంగడిలో చాటువారును మన చుట్టు కలరు గనుక, అది నిజముగా ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో సావధానముగా విచారించుట అవసరమని నా అభిప్రాయము.

వర్చువల్ రియాలిటీ అని పిలువబడు ఈ సాధనములో ముఖ్యమైనది తలకు బిగించుకొను హెడ్‌సెట్. ఇంచుమించు అర కిలో బరువుండు ఈ పెట్టె కన్నులను పూర్తిగా కప్పివేసి, గదిని, గదిలోని మనుష్యులను, గోడమీది గడియారమును కానరాకుండ జేసి, కుడి కంటికొక బొమ్మను, ఎడమ కంటికి దానికంటె రవంత భిన్నమైన మరియొక బొమ్మను కటకముల గుండ చూపును. ఆ రెంటిని కలిపి లోతుగల దృశ్యముగా గ్రహించుట మెదడునకు నిత్యము అలవాటైన పనియే. తల యే వంకకు త్రిప్పిన ఆ వంకనుండవలసిన దృశ్యమును, సెకనులో ఏబదియవ వంతు కాలము గడువకమునుపే, కంప్యూటర్ క్రొత్తగా గీచి చూపవలెను. ఆలస్యమైనచో మాయ చెదరి తల తిరుగును. అమెరికాలో ఐవన్ సదర్లండ్ 1968లో ఇట్టి పరికరమును మొదట నిర్మించినపుడు, దాని బరువును తల మోయజాలక, పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చెను.

ఈ సాధనమునకున్న బలమంతయు ఒక్క విషయములో నున్నది. ఎదుట అగాధము కనబడినపుడు, అది బొమ్మయేనని బుద్ధికి స్పష్టముగా తెలిసియున్నను, మోకాళ్లు వణకును, అరచేతులు చెమర్చును. బుద్ధి ఒప్పుకొనని దానిని దేహము నమ్మును. 1995లో బార్బరా రాత్‌బామ్, ఆమె సహచరులు ఎత్తైన ప్రదేశములనిన భయపడువారిని కంప్యూటర్ సృష్టించిన వంతెనలపై నిలిపి, క్రమక్రమముగా వారి భయమును తగ్గింపగలిగినది ఈ గుణము నాధారము చేసికొనియే. అయితే భయమును నమ్మిన దేహము శాంతిని కూడ నమ్మునా? అదియే ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి దినములలో దొరకిన సమాధానములలో నాకు మిక్కిలి ప్రియమైనది వైద్యులది కాదు, ఒక చిత్రకారిణిది. కెనడా దేశీయురాలైన చార్ డేవిస్ 1995లో 'ఆస్మోస్' అను కృతిని రూపొందించి మాంట్రియల్‌లోని సమకాలీన కళా మ్యూజియంలో ప్రదర్శించెను. వర్చువల్ రియాలిటీ అనగా చేత మీటపట్టి శత్రువులను వేటాడు ఆటయేనని తలచు ఆ కాలములో, ఆమె సందర్శకుల చేతులలో ఏ మీటను ఉంచలేదు. తలకు హెడ్‌సెట్‌తోపాటు రొమ్ము చుట్టు ఒక కవచమును తొడిగించెను. అందలి సెన్సర్ ఊపిరితిత్తులు నిండినపుడు రొమ్ము ఎంత విప్పారినదో, గాలి వదలినపుడు ఎంత ముడుచుకొన్నదో కొలిచి కంప్యూటర్‌కు తెలుపుచుండును. దీర్ఘముగా గాలి పీల్చినచో మనిషి ఆ లోకమున మెల్లగా పైకి తేలును. పూర్తిగా వదలినచో క్రిందికి దిగును. ఒక వంకకు ఒరగినచో ఆ వంకకు సాగును. తొలుత గీతలు మాత్రమే యుండు శూన్యములో ఈ పద్ధతిని అలవరచుకొని, పిదప అడవి నడుమనున్న బయలునకు చేరుకొందురు. అచట ఆకులు రాలిన మహావృక్షమొకటి, ప్రక్కన ఒక కొలను కలవు. మరియొక దీర్ఘశ్వాసతో ఆకు గర్భములోనికి, ఒక నిశ్శేషమైన నిశ్వాసముతో మట్టి క్రింది వేళ్ల నడుమకు పోవచ్చును. వస్తువులన్నియు పారదర్శకములు, దేనికిని గట్టి అంచులు లేవు. సముద్రములో మునకలు వేయుట ఆమెకు అలవాటు; నీటి లోతున ఊపిరి నిండుటతో దేహము లేచుట, వదలుటతో దిగుట ఆమె స్వయముగా ఎఱిగిన అనుభవమే.

డేవిస్ తెలిపిన ఒక విశేషము మననము చేయదగినది. లోనికి పోయినవారు మొదట అన్నిటిని చూచివేయవలెనను ఆత్రముతో తిరుగుదురు. పది నిమిషములు గడచుసరికి వారి కదలికలు వాటంతట అవియే మందగించి, గమ్యమును గూర్చిన చింత సడలిపోవును. అనుభవము ముగిసి వెలికి వచ్చినపుడు కొందరు కన్నీరు పెట్టుకొనిరి. శ్వాసయే వాహనమైన లోకములో త్వరపడువాడు ఎచటికిని పోజాలడు గదా! కనబడని ఊపిరిని కనబడునట్లు చేయుట ఈ యంత్రము చేయగల పనులలో అత్యుత్తమమైనదని నేను నమ్ముట ఇందువలననే.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని సియాటిల్ నగరమున మరియొక మార్గము తెరువబడెను. హార్బర్‌వ్యూ ఆస్పత్రిలోని కాలిన గాయముల విభాగమున రోగుల కట్టులు విప్పి, పుండ్లను కడిగి, మరల కట్టు కట్టు వేళ కలుగు బాధ వర్ణనాతీతము. గట్టి మందులిచ్చినను అది పూర్తిగా అణగదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ ఈ రోగులకై 'స్నోవరల్డ్' అను హిమలోకమును కల్పించిరి. నర్సు పుండు కడుగుచుండగా రోగి మంచులోయలో తేలిపోవుచు, మంచుబొమ్మలపైనను పెంగ్విన్ పక్షులపైనను మంచు ముద్దలు విసరుచుండును. తాము అనుభవించిన బాధ చాల తగ్గినదని రోగులు చెప్పిరి. స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు వేడితో స్వల్పముగా నొప్పి కలిగించి, మెదడును స్కాన్ చేసి పరిశీలించిన ఫలితములు 2004లో వెలువడెను. నొప్పికి సంబంధించిన ఐదు స్థానములలో చలనము తగ్గినట్లు వానివలన తెలిసెను. మనస్సునకున్న అవధానము పరిమితము; దానిని మంచులోయ ఆకర్షించుకొన్నచో నొప్పికి మిగులునది స్వల్పము.

ఈ రెండు మార్గములు పైకి ఒక్కటిగా కనబడినను వాస్తవముగా ఎదురెదురు దిక్కులు. హిమలోకము మనస్సును దేహమునుండి దూరముగా తీసికొనిపోవును. ధ్యానము దానిని దేహమునొద్దకే తెచ్చి కూర్చుండబెట్టును. ప్రాణము పోవునంత బాధలో కొంతసేపు తప్పించుకొనుట దయతో కూడిన చికిత్సయే, అందులకు వంక పెట్టుటకు లేదు. కాని ప్రతి దినమును ఎదుర్కొనవలసిన దిగులు, ఆందోళన, తీరని నడుము నొప్పి, వీనినుండి ఎల్లకాలము పారిపోవుట ఎవరికిని సాధ్యము కాదు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున జాన్ కబాట్-జిన్ మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను ఆరంభించినపుడు, దీర్ఘకాలపు నొప్పులతో వచ్చినవారికి ఆయన బోధించినది ఇదియే: నొప్పిని తరుముటయు వలదు, దానితో కొట్టుకొనిపోవుటయు వలదు, ఎఱుకతో దానిని చూడుడు. బౌద్ధులు ఆనాపానసతి యని పిలిచిన శ్వాసధ్యానము ఈ శిక్షణకు మూలములలో ఒకటి. ఒకనాడు కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండ వంటి బౌద్ధక్షేత్రములు వర్ధిల్లిన మన నేలకు ఇది పరాయి విద్య కాదు.

ఈ విద్యను యంత్రముతో జోడించిన వారిలో డయాన్ గ్రోమాలా యొకరు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలైన ఆమె స్వయముగా దీర్ఘకాలిక వేదన ననుభవించినవారు. ఆమె బృందము రూపొందించిన ధ్యాననడకలో రోగి ఒక అడవిబాటపై సాగుచుండును. చెవిలో ధ్యానబోధ వినవచ్చుచుండును. వ్రేళ్లకు తగిలించిన సెన్సర్లు చర్మముపై చెమట ఎట్లు హెచ్చుతగ్గులగుచున్నదో కనిపెట్టుచుండును. మనస్సు కలత చెందినపుడు వ్రేళ్లలో మన కంటికి కానరానంత చెమట పుట్టును, నెమ్మదించినపుడు అది తగ్గును. దానికి తగినట్లు బాటపై పొగమంచు దట్టమగును, లేదా విడిపోయి చెట్లు స్పష్టముగా కనబడును. 2015లో ప్రకటితమైన 13 మంది రోగుల చిన్న పరిశీలనలో, బోధను చెవితో మాత్రమే విన్నవారికంటె ఈ బాటపై నడచినవారికి నొప్పి ఎక్కువగా తగ్గినట్లు తేలెను.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. మంచు తొలగవలెనని ఆత్రపడినకొలది చెమట హెచ్చును; చెమట హెచ్చినకొలది మంచు చిక్కబడును. తొలగినను తొలగకున్నను సరేయని సాధకుడు ఆ కోరికను వదలిన క్షణమున అది పలచబడ నారంభించును. శాంతిని కోరుటయే శాంతికి అడ్డమగునని గ్రంథములలో చదివినవాడు తల ఊపి ఊరకుండవచ్చును; తన ఆత్రము తన కన్నులయెదుట మంచుగా క్రమ్ముకొనుట చూచినవాడు దానిని మరువలేడు. అయితే ఇదే ఉపాయమును కొన్ని అంగడి యాపులు మార్కులుగా మార్చి, నేటి మీ ప్రశాంతత ఇన్ని పాయింట్లని లెక్క చూపుట చూచినపుడు నాకు బాధ కలుగును. పరీక్షలలో, ఉద్యోగములలో పోటీపడి అలసిన మనస్సునకు ధ్యానములో కూడ పోటీపడుమని చెప్పుట న్యాయము కాదు.

స్పెయిన్ దేశీయురాలైన మరియా నవారో-హారో, ఇంతకుముందు చెప్పిన హాఫ్‌మన్ మొదలగువారితో కలసి చేసిన ప్రయోగములు ఇంకొక తీరువి. అందు సాధకుడు కంప్యూటర్ గీచిన నదిపై మెల్లగా తేలిపోవుచు, ఎఱుకను గూర్చిన బోధను వినుచుండును. అంతకుమించి చేయవలసినది ఏమియు లేదు. ధ్యానములో ఆరితేరిన 44 మంది ఒక సమావేశమునకు వచ్చియుండగా వారిచేత దీనిని పరీక్షింపజేసిరి; 2017లో ప్రకటించిన ఫలితముల ప్రకారము వారిలో విచారము, కోపము, ఆందోళన తగ్గి, ఎఱుక హెచ్చినట్లు తెలిసెను. ఆందోళన వ్యాధితో బాధపడు 39 మందిపై 2019లో వెలువడిన మరియొక అధ్యయనము నాకు ఇంకను ముఖ్యముగా తోచుచున్నది. మామూలు ధ్యానశిక్షణ పొందినవారికిని, దానికి ఈ నది తోడైనవారికిని, ఇరువురికిని ఆందోళన తగ్గినది. కాని నది తోడైనవారు శిక్షణను నడుమ విడువక ఎక్కువగా చివరిదాక నిలిచిరి. ధ్యానము ఫలింపకపోవుటకు మొదటి కారణము దానిని మానివేయుటయే గదా. మూడవనాడే విసిగి లేచిపోవు క్రొత్తవానిని మరికొన్ని దినములు కూర్చుండబెట్టగలిగినచో, ఆ మేరకు యంత్రము కృతార్థమైనట్లే.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 నవంబరులో, నడుము నొప్పి కలవారు ఇంటివద్దనే వాడుకొను ఒక హెడ్‌సెట్ చికిత్సకు అనుమతి నిచ్చెను. ఎనిమిది వారముల పాటు ప్రతి దినమును 2 మొదలు 16 నిమిషముల పాఠము. హెడ్‌సెట్‌కు అమర్చిన గొట్టము రోగి శ్వాసను మైకునకు చేర్చగా, ఆ ఊపిరికి తగినట్లు దృశ్యము స్పందించును. 179 మందిపై జరిపిన పరీక్షలో, చికిత్స పొందినవారిలో 66 శాతము మందికి నొప్పి 30 శాతమునకు మించి తగ్గినది. ఈ సంఖ్యను మాత్రమే ప్రకటనలలో చదివినవారు రెండవ సంఖ్యను కూడ చదువవలెను: పోల్చి చూచుటకై అట్టి హెడ్‌సెట్‌లోనే, లోతు లేని మామూలు దృశ్యములను మాత్రము చూచినవారిలో కూడ 41 శాతము మందికి అంతటి ఉపశమనము కలిగినది. అనగా ప్రతి దినమును కొంతసేపు పనులన్నియు ప్రక్కన బెట్టి ఒక్కచోట కూర్చుండుటలోనే కొంత ఔషధము కలదని నేను గ్రహించుచున్నాను. ఆ పరీక్షలోనే 20.8 శాతము మంది హెడ్‌సెట్ ఇబ్బంది పెట్టినదనియు, 9.7 శాతము మంది వికారము కలిగినదనియు చెప్పిరి.

ఆ వికారమునకు కారణము చెప్పెదను. కన్ను దేహము సాగిపోవుచున్నదని చెప్పును. చెవి లోపలి సమతౌల్యేంద్రియము కదలిక లేనేలేదని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు పొసగనపుడు మెదడు కలవరపడగా తల తిరుగుట, కడుపులో త్రిప్పుట మొదలగునవి కలుగును. అందువలన క్రొత్తగా వాడువారు కూర్చుండియే వాడవలెను. దృశ్యము వేగముగా కదలని వానినే ఎన్నుకొనవలెను. ఐదు నిమిషములతో ఆరంభింపవలెను. ఏ మాత్రము వికారము తోచినను పట్టుదలకు పోక తీసివేయవలెను. మూర్ఛవ్యాధి కలవారు వైద్యుని అడుగనిదే దీనిని ముట్టరాదు. తమ పరిసరములు నిజము కావని, తాము తాము కామని తోచు మానసిక స్థితులలో నున్నవారికిని ఇది తగదు. ఉన్న లోకమే జారిపోవుచున్నదని భయపడువానికి లేని లోకమును చూపుట మేలు చేయదు. పిల్లలకు తయారీదారులు విధించిన వయోనియమమును తల్లిదండ్రులు తప్పక పాటింపవలెను.

దేహమునకు కలుగు ఇబ్బంది వెంటనే తెలియును గాని, మరియొక అపాయము కంటికి కానరాదు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని పరిశోధకులు, ఒక ఆటను ఆడిన 55,541 మంది తల, చేతుల కదలికలను మాత్రమే కంప్యూటర్‌కు నేర్పి, అటుపిమ్మట 100 సెకనుల కదలికను చూపగా, 94 శాతమునకు పైగా అది మనిషిని సరిగా గుర్తించినది. తల కదిలించుటయే వ్రేలిముద్ర వంటిదైనపుడు, ఊపిరియు, చెమటయు, చూపు నిలిచిన చోటును ఎంతటి ఆంతరంగికములు! ధ్యానములో మనిషి తన ముసుగులన్నియు తీసి కూర్చుండును. ఆ సమయపు కొలతలు ఎవరి కంప్యూటర్‌కు చేరుచున్నవో, ఎవరికి అమ్మబడుచున్నవో తెలిసికొనకుండ సమ్మతి తెలుపు బటనును నొక్కుట తగదు.

ఇన్ని చెప్పిన పిమ్మట నా నిర్ణయమును దాచనేల? ఈత నేర్చు పిల్లవాని నడుమునకు పెద్దలు కట్టు బెండ్లవంటిదే ఈ యంత్రము. దానిని ఎప్పుడు విప్పుదుమో కట్టునపుడే తలచుకొనవలెను. పది దినములు హెడ్‌సెట్‌తో కూర్చున్నవాడు పదునొకండవనాడు అది లేకుండ, తన గదిలో, ఫ్యాను చప్పుడును వీధిలోని హారన్లును వినుచు, కనీసము మూడు నిమిషములు శ్వాసను గమనింపగలిగెనా? గమనింపగలిగినచో యంత్రము తన పని చేసినది. ప్రతిసారియు అది లేనిదే మనస్సు కుదురుకొననిచో, ఒక చాంచల్యమునకు మారుగా ఒక బానిసత్వమును తెచ్చుకొన్నట్లే.

మన యువ సాంకేతికులకు ఒక విన్నపము చేయవలసియున్నది. అంగడిలో దొరకు ధ్యానబోధలలో చాల భాగము ఆంగ్లములో నున్నవి. మనస్సు మెత్తబడు వేళ పరభాషను అర్థము చేసికొనుటకే మెదడు శ్రమించినచో విశ్రాంతి యెక్కడిది? దుఃఖమున నున్న వృద్ధురాలికి, ఆస్పత్రి మంచముపైనున్న రైతునకు తెలుగుమాట వినిపించిన నది వేరు. పాపికొండల నడుమ తెల్లవారుజామున నిదానముగా సాగు గోదావరిని, దాని నీటి సవ్వడితో, ఒక పడవనుండి అన్ని వైపులను చూపు కెమెరాతో చిత్రించి, మానసిక వైద్యుల పర్యవేక్షణలో మంచి తెలుగు బోధను దానికి జోడించుట హైదరాబాదులోనో విశాఖపట్నములోనో పనిచేయు ఒక చిన్న బృందమునకు అసాధ్యము కాదు. ఖరీదైన హెడ్‌సెట్‌లు అందరి యిండ్లకు రాజాలవు గనుక, ఆస్పత్రులును గ్రంథాలయములును ఒకటి రెండింటిని ఉంచి, శిక్షణ పొందిన మనిషి ప్రక్కన నుండగా వాడనిచ్చినచో ఎందరికో అందుబాటులోనికి వచ్చును.

పాఠకులకు తుదిగా ఒక మాట. నిద్రపట్టని రాత్రులు వారముల తరబడి కొనసాగుచున్నను, దేనియందును ఆసక్తి లేక దిగులు క్రమ్ముకొనుచున్నను, జీవించి ప్రయోజనమేమను తలపు పొడసూపినను, హెడ్‌సెట్‌కై గాని, యాపుకై గాని వెదకుచు కాలము గడుపవలదు. మనిషితో మాటలాడుడు, వైద్యుని కలియుడు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అను మానసికారోగ్య సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. అచట తెలుగులో మాటలాడువారు కలరు.